అరువిచ్చిన ఎర్రపాగా

గంట మోగింది.

శరభకేతుడు చేతిలోని రొట్టె ముక్కను పారేసి లేచాడు. ఒక్క గెంతులో గంట దగ్గరికి చేరి, ఊగుతున్న గంట నాలుకను పట్టుకుని తోలు పట్టీతో బిగించి కట్టాడు. మోత ఆగింది. పక్క గోడకున్న కొయ్య మీది ఇనుప కొక్కెం కోసం చెయ్యి చాచాడు.

కొయ్య ఖాళీగా ఉంది.

కాంస్యదుర్గాన్ని దూరం నుంచి చూసినవాడు అది దేవతలు కట్టిందనుకుంటాడు. పొద్దు పొడిచేసరికి దాని రాగి పెంకులు కరిగిన బంగారంలా మెరుస్తాయి. గవాక్షాలకు వైడూర్యాలు, తలుపులకు చందనం, కొమ్ముల మీద పురివిప్పిన నెమళ్లు. కొండ నెత్తిన తామరలు విచ్చుకున్న చెరువు. లోపల పనిచేసినవాడు మాత్రం ఆ మాట అనడు. దుర్గం కింద కొండను తొలిచి చేసిన అగ్నికూపంలో, ఏనుగుల మందంత తాబేలు గొలుసులతో కట్టి ఉంది. దాని శ్వాస నిప్పు. ఆ నిప్పుతోనే మాంత్రికుడు జృంభకుడు కంచు కరిగిస్తాడు, మంత్రాలు వండుతాడు. తాబేలు తల ఎత్తబోయినప్పుడల్లా గొలుసు కదిలి, కూపానికి దారితీసే సొరంగం ఇవతలి చివరనున్న గంట మోగుతుంది. అది పూర్తిగా తల ఎత్తేలోపల ఒకడు పరుగున వెళ్లి, కూపం అంచునున్న తూము తలుపును కొక్కెంతో ఎత్తి, చెరువు నీళ్లు దాని ముక్కు మీద వదలాలి. లేకపోతే మంట పైకి లేస్తుంది.

ఆ పని చేసేవాడికి ఎర్రపాగా ఉంటుంది. దుర్గంలో ఎర్రపాగా ఒక్కటే. గంట మోగింది మొదలు, తిరిగొచ్చి నాలుక విప్పేదాకా వాడికి ఎవడూ అడ్డు నిలవకూడదు. వంటవాళ్లకూ భటులకూ పచ్చపాగా. బూడిద ఎత్తేవాళ్లకూ పూడిక తీసేవాళ్లకూ తెల్లపాగా. ఎరుపు వస్తే పచ్చ, తెలుపు రెండూ గోడవైపు తిరిగి గొంతుకూర్చోవాలి. పచ్చ వస్తే తెలుపు కూర్చోవాలి. ఇది మాటవరసకు పెట్టిన మర్యాద కాదు. సొరంగానికి రెండు వైపులా కత్తులు పట్టుకున్న కంచు బొమ్మలున్నాయి. ఒకప్పుడు అవీ మనుషులే. జృంభకుడు ఆవులించగా చూసి నిద్రపోయినవాళ్లు, కంచుగా లేచారు. వాటికి ముఖాలు తెలియవు. పాగా రంగు ఒక్కటే తెలుసు. తప్పుగా కదిలిన తల నేల మీద పడుతుంది. పాగా లేని తల ఏ కొంచెం కదిలినా పడుతుంది.

ఇంతకు ముందున్న ఎర్రపాగావాడు మంచి పనిమంతుడు. అదే వాడి జబ్బు. నీళ్లు వదిలి ఊరుకోక, బూడిద కూడా తనే ఎత్తబోయాడు. కాలువ కూడా తనే తోడబోయాడు. గంట నాలుక కట్టినది కట్టినట్టే ఉండిపోయింది. తాబేలు రెండోసారి తల ఎత్తింది. గంట మోగలేదు. వాడి బూడిదను కూడా ఎవరో ఒకరు ఎత్తాలి గనక తెల్లపాగా ముసలివాడు పోతులయ్య ఎత్తాడు.

వాడి చోటులోకి కొండడనే పేరుతో, మొహానికి మసి పూసుకుని, కుందనపురి రాజకుమారుడు శరభకేతుడు చేరాడు. జీతానికి కాదు. కూపం మీద, పైకప్పు నుంచి వేలాడే ఇనుప పంజరంలో అతని భార్య మందారవల్లి ఉంది. జృంభకుడు ఆమెను ఎత్తుకొచ్చి అక్కడ వేలాడదీశాడు. మంట లేస్తే ముందు తాకేది ఆ పంజరాన్నే. విడిపించే ఉపాయం దొరికేదాకా ఆమెను బతికించుకునే దారి ఒక్కటే. ప్రతి గంటకూ ముందుగా చేరడం. నీళ్లు వదలడం. కొక్కెం కొయ్యకు తగిలించడం. నాలుక విప్పడం. మిగతా పనులు తెల్లపాగాలవి. అవి సాయంత్రమైనా చేస్తారు, మర్నాడైనా చేస్తారు.

ఈ రోజు కొక్కెం లేదు.

పోతులయ్య తీసుకెళ్లాడు. తప్పు కాదు. పూడిక తీయడానికి సొరంగం గోడలోని చిన్న బొక్కలోంచి కాలువలోకి దూరి, అక్కడి పూడిక తలుపును ఎత్తి పట్టాలన్నా ఆ కొక్కెమే కావాలి. దుర్గంలో అటువంటి కొక్కెం ఒక్కటే ఉంది. నిప్పులు కక్కే తాబేలును పెంచేవాడు రెండో కొక్కెం చేయించలేదు. కంచంతా బొమ్మలకే సరిపోయింది కాబోలు.

శరభకేతుడు సొరంగంలోకి దూసుకుపోయాడు. సొరంగం నిండా పచ్చపాగాలు. ఆ రోజు జృంభకుడి పుట్టినరోజు. కూపం పక్కనున్న శక్తి గుడికి నైవేద్యాలు పోతున్నాయి. గంగాళాలు, బూరెల గంపలు, పులిహోర రాశులు, వెండి పళ్లాలు. అంతం కనబడని వరస. ఎర్రపాగాను చూసి ఒక్కొక్కడే గోడకు తిరిగి కూర్చుంటున్నాడు. అతను దాటగానే లేచి నడుస్తున్నాడు.

సొరంగం మధ్యకు వచ్చేసరికి, గోడకు ముక్కు ఆనించి గొంతుకూర్చున్న పోతులయ్య కనిపించాడు. బక్కపలచటి ముసలివాడు. ఒళ్లో కొయ్య చీల ఉంది. చేతిలో కొక్కెం లేదు.

"తాతా! కొక్కెం ఏదీ?"

"బొక్కలో ఉంది నాయనా." పోతులయ్య తల తిప్పకుండానే చెప్పాడు. "పూడిక తలుపుకు ఆన్చి, చీల కోసం ఇటొచ్చా. ఇంతలో ఈ బూరెలు బయల్దేరాయి. అప్పట్నుంచీ ఈ గోడనే చూస్తన్నా. మోకాళ్లు పోయాయి."

"నేను వెళ్లి లాక్కుంటాను."

"లాగావంటే తలుపు పడిపోద్ది. కాలవ మూసుకుపోద్ది. తూము ఎత్తినా చుక్క రాదు. లోపలికి దూరి ఈ చీల కొట్టాకే కొక్కెం తియ్యాల."

"చీల ఇటివ్వు, నేను కొడతాను."

"ఆ బొక్కలో నీ భుజం కూడా పట్టదు నాయనా. నువ్వు తిన్న నెయ్యి అలాంటిది."

సొరంగం అవతలి చివర ఎర్రగా వెలిగింది. తాబేలు తల ఎత్తుతోంది. వేడిగాలి ఒంటికి తగిలింది. ఆ గాలితో పాటు ఒక గొంతు వచ్చింది.

"కొండయ్యగారూ! ఈ పూట సెలవు తీసుకున్నారా? నా పమిట అంచు ముడుచుకుపోతోంది!"

మందారవల్లి భయపడితే ఎగతాళి చేస్తుంది. ఎగతాళి ఎక్కువైందంటే భయం ఎక్కువైందన్నమాట.

శరభకేతుడు వరస వంక చూశాడు. అతను అరిస్తే పచ్చపాగాలు తనకు దారి ఇస్తారు. ముసలివాడికి ఇవ్వరు. తను ఎంత గొప్పవాడైనా లాభం లేదు. తన పని ముసలివాడి చేతిలో చిక్కింది. ముసలివాడు బూరెల కింద చిక్కాడు. బూరెలకు తొందర లేదు.

అతను తల మీది ఎర్రపాగా ఊడదీసి, పోతులయ్య తెల్లపాగా మీద బోర్లించాడు.

"వెళ్లు తాతా!"

పోతులయ్య లేవబోయి ఆగి, ఎదురుగా ఉన్న కంచు బొమ్మను చూశాడు. బొమ్మ కత్తి దించింది. పచ్చపాగాల వరస మొత్తం, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, గంగాళాలు దించి గోడకు తిరిగింది. ముసలివాడు ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. తర్వాత గంటవైపు, బొక్క దగ్గరికి పరుగెత్తాడు. అతను పరుగెత్తగా ఆ దుర్గంలో ఎవరూ చూడలేదు. పంచె ఒక చేత్తో, చీల ఇంకో చేత్తో పట్టుకుని, వంటపెద్ద గుండప్ప పక్కనుంచి పోతూ కేక పెట్టాడు.

"ఒంగు, గుండప్పా! ఇంకాస్త ఒంగు! పదేళ్లు నేను ఒంగలా?"

"ఎవడ్రా అది?" అని గుండప్ప గోడతో అన్నాడు. తల తిప్పే ధైర్యం లేదు.

శరభకేతుడు కదలకుండా నిలబడ్డాడు. ఇప్పుడు అతని తల మీద ఏమీ లేదు. రెండు వైపులా కత్తులు ఎత్తి ఉన్నాయి. ఊపిరి గట్టిగా పీల్చినా ప్రమాదమే. ముసలివాడు రాతితో చీల కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అవతల ఎరుపు నారింజ రంగుకు తిరిగింది. మందారవల్లి గొంతు మళ్లీ రాలేదు. ఆ ఎర్రపాగాతో పోతులయ్య కోట గుమ్మం దాటి పోవచ్చు. గంట నాలుక కట్టి ఉన్నంతసేపూ ఆపేవాడు లేడు. ఆ సంగతి ముసలివాడికీ తెలుసు.

వరస చివర, కింద పెట్టకూడని అసలు నైవేద్యం పళ్లెం పట్టుకుని ఒక లావుపాటి మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ పళ్లెం మొక్కుకున్నవాడే మోయాలి. పళ్లెం మోసేవాడు పచ్చపాగా చుట్టాలి. ఇవి జృంభకుడు పెట్టిన నియమాలే. అందుకే ఏడాదంతా సొరంగంలో అడుగుపెట్టని, పాగా ముట్టని జృంభకుడు ఆ రోజు పచ్చపాగా చుట్టాడు. పోతులయ్య దూరంగా పోయాక అతను లేచి కొంచెం ముందుకు నడిచాడు. పాగా లేకుండా రాయిలా నిలబడ్డ మనిషిని చూశాడు. నల్లటి జుట్టు మధ్య, నడినెత్తిన, వెండి పాయ ఒకటి మెరుస్తోంది. కుందనపురి రాజవంశంలో పుట్టినవాళ్లకు తప్ప అది ఉండదు.

జృంభకుడి కళ్లు చిన్నవయ్యాయి. కాని చేతిలో పళ్లెం ఉంది. దాన్ని దేవి ముందు పెట్టేదాకా ఆవులించకూడదు. అదీ తను పెట్టుకున్న నియమమే. పళ్లు కొరుక్కుంటూ గుడివైపు నడిచాడు.

అతను అటు తిరిగాడో లేదో ఇటు నుంచి పోతులయ్య వచ్చాడు. ఒళ్లంతా బురద. భుజం మీద కొక్కెం.

"చీల దిగింది. కొక్కెం ఇదిగో." ఎర్రపాగా తీసి శరభకేతుడి తల మీద పెట్టాడు. "ఇదీ నువ్వే ఉంచుకో. నెత్తి దురద పెడతంది."

మాట పూర్తికాకముందే తెల్లపాగా గోడకు తిరిగి కూర్చుంది.

శరభకేతుడు అంత వేగంగా ఎన్నడూ పరుగెత్తలేదు. కూపం అంచు మీద కాలు పెట్టేసరికి కనుబొమలు మాడాయి. కింద తాబేలు తల సగం పైకి లేచి, నోటిలో మంట తెల్లగా తిరుగుతోంది. అతను కొక్కెం తూము తలుపుకు తగిలించి బరువంతా వేసి లాగాడు. కాలువ ఉరిమింది. చెరువు నీళ్లు బురదతో, తామరాకులతో కలిసి తాబేలు ముక్కు మీద పడ్డాయి. కూపం నిండా ఆవిరి. గొలుసులు గలగలలాడాయి. తల లోపలికి పోయింది.

ఆవిరిలో ఏమీ కనబడలేదు. అతను పిలిచాడు. పలుకు లేదు. మళ్లీ పిలిచాడు.

"ఉన్నాను," అంది మందారవల్లి. ఎగతాళి లేదు. ఆ ఒక్క మాటే అంది. తర్వాత దగ్గి, "జడ కాస్త పొట్టిదయింది. అంతే," అంది.

శరభకేతుడు కాసేపు కొక్కెం మీద వాలి నిలబడ్డాడు. ఆవిరి విడిపోతుంటే ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"కన్నీళ్లు తర్వాత," అంది ఆమె మెల్లగా. "ఇటు చూడు. చువ్వలు అతికిన సీసం కారిపోయింది. రెండు చువ్వలు ఊగుతున్నాయి. నువ్వు ఆలస్యంగా రావడం కూడా మంచిదే అయింది."

"ఆ మాట ఇంకోసారి అనకు. చువ్వలు ఊడబెరుకుతూ ఉండు. నేను గంట విప్పి వస్తాను."

"ఇప్పుడా? నన్ను దించి పోరాదూ?"

"విప్పకపోతే ఇది మళ్లీ లేచినా తెలియదు."

తూము మూసి, కొక్కెం పట్టుకుని వెనక్కి పరుగెత్తి, కొక్కెం కొయ్యకు తగిలించి, నాలుక విప్పాడు. తిరిగి సొరంగంలో కొంత దూరం వచ్చాడు. పచ్చపాగాల వరస అప్పటికి గుడి చేరింది. గంట ఊరుకున్నప్పుడు ఎర్రపాగాకు ఏ హక్కూ లేదు. ఎదురుగా, పోతులయ్య బొక్క పక్కన, ఖాళీ చేతులతో జృంభకుడు నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి పోతులయ్య గోడ దగ్గర ముడుచుకున్నాడు.

"శరభకేతా," అన్నాడు జృంభకుడు తియ్యగా. "రాజకుమారుడివి, నా దగ్గర కూలికి కుదిరావా? చెబితే పట్టుపరుపు వేయించేవాణ్ణి కదయ్యా. పోనీలే. నీకు తగిన చోటు చూశాను. ఆ మూల బొమ్మ పక్కన ఖాళీ ఉంది. నీ పెళ్లాం కాలే వేడికి నీ కంచు బాగా మెరుస్తుంది."

గుహలాంటి నోరు తెరుచుకోవడం మొదలైంది. శరభకేతుడు కళ్లు మూసుకుని గోడకు ఒదిగాడు. మాంత్రికుడి అడుగులు దగ్గరికి వచ్చాయి. బలమైన వేళ్లు అతని కనురెప్పలు పట్టుకుని విప్పసాగాయి.

కూపంలో మందారవల్లి ఊడిన చువ్వను రెండు చేతులతో ఎత్తి తాబేలు డిప్ప మీదికి విసిరింది.

గంట మోగింది.

ఎవరికీ అంత తియ్యటి మోత వినబడి ఉండదు. రెండు వైపులా కంచు కత్తులు ఒక్కసారి లేచి, పచ్చపాగా కింది మెడకు రెండు పక్కలా నిలిచాయి.

"నేను మీ యజమానినిరా!" అన్నాడు జృంభకుడు.

బొమ్మలు వాటి యజమానిని ఎన్నడూ చూడలేదు. అవి చూసేది పాగాను. పాగా తీసేద్దామని చెయ్యి పైకి లేపబోయి ఆగాడు. పాగా లేని తల కదిలితే ఏమవుతుందో అతనికంటే బాగా తెలిసినవాడు లేడు. మెల్లగా గోడవైపు తిరిగి, సగం తెరిచిన నోటితో, గొంతుకూర్చున్నాడు.

"కాస్త జరుగు దొరా," అన్నాడు పక్కనే కూర్చున్న పోతులయ్య. "కొత్తలో పిక్కలు పట్టేస్తాయి. కాలివేళ్ల మీద బరువేసుకో."

శరభకేతుడు గంట నాలుక కట్టి, కొక్కెం తీసుకుని, ఇద్దరి వీపులూ దాటి కూపానికి చేరాడు. తూము ఎత్తాడు. నీళ్లు పడి తాబేలు తల దిగింది. కొక్కెం చాచి పంజరం గొలుసుకు తగిలించి అంచుకు లాగాడు. మందారవల్లి సందులోంచి పక్కకు తిరిగి బయటికి వచ్చింది. అరచేతులు పొక్కాయి. పమిట అంచు లేదు. మొహం అతని మొహం కంటే నల్లగా ఉంది. అతను ఏదో అనబోయాడు. ఆమె అతని ఛాతీ మీద తల ఆనించి, ఒక్క ఊపిరి తీసుకుని, తల ఎత్తింది.

"పద. ఇంకో చువ్వ తెచ్చాను. పనికొస్తుందా?"

పనికొచ్చింది. తూము తలుపును మళ్లీ ఎత్తి, ఆ చువ్వను దాని కింద అడ్డంగా బిగించారు. ఇక చెరువు ఖాళీ అయ్యేదాకా తాబేలు మీద నీళ్లు పడుతూనే ఉంటాయి. కొక్కెం తీసుకుని ఇద్దరూ తూములోంచి దూరి, నడుముల దాకా కొట్టే నీళ్లకు ఎదురీదుతూ, గోడరాళ్లు పట్టుకుని కాలువ వెంట పైకి నడిచారు. కాలువలో కంచు బొమ్మలు లేవు.

కొంత దూరం పోయాక గోడలో బొక్క కనిపించింది. అవతల బుగ్గ ఆనించి రెండు మొహాలు ఉన్నాయి. ఒకటి పోతులయ్యది.

"తాతా, చేతులివ్వు."

"కదిలితే నరుకుతాయి నాయనా."

"తల ఇటు వచ్చాక వాటికి నీ పాగా కనబడదు."

"మరి వెనకభాగం?"

"అది త్వరగా లాగుతాం," అంది మందారవల్లి.

ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని గుంజారు. కత్తులు దిగాయి. పోతులయ్య తలకిందులుగా నీళ్లలో పడి, లేచి, కాళ్లు తడుముకున్నాడు. కుడికాలి చెప్పు సగం పోయింది. కాలు మొత్తం ఉంది. ముసలివాడు ఆ కాలిని చూసుకుని నవ్వాడు. నవ్వు ఆగలేదు. మందారవల్లికీ అంటుకుంది. నీళ్ల హోరులో ముగ్గురూ పిచ్చివాళ్లలా నవ్వారు.

బొక్కలోంచి జృంభకుడి కన్ను చూస్తోంది. నోరు మళ్లీ తెరుచుకుంటోంది.

శరభకేతుడు తన ఎర్రపాగా తీసి కొక్కెం కొనకు చుట్టి, ఆ బొక్కలో బిగించాడు. ఆవులింత పాగాలోకి పోయింది. అటువైపు బొమ్మలకు ఎర్రపాగా కనిపిస్తోంది. దాని కింద తల ఉందా, ఇనుము ఉందా అని అవి చూడవు. గంట నాలుక కట్టే ఉంది. విప్పడానికి ఎవరూ రారు. ఎరుపు ఎదురుగా ఉన్నంతసేపూ పచ్చ కదలకూడదు. కాంస్యదుర్గపు ప్రభువు ఒక గుడ్డముక్కకు ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"పాపం, పుట్టినరోజు పూట," అన్నాడు పోతులయ్య. జాలి మాత్రం అతని గొంతులో లేదు.

పైన పగటి వెలుగు కనిపించింది. ముగ్గురూ కాలువ నోటి నుంచి పాకుతూ వచ్చి చెరువు గట్టు మీద వెల్లకిలా పడ్డారు. ఎండ తగిలింది. మందారవల్లి కాలిన అరచేతులు తడిమట్టిలో ఆనించి కళ్లు మూసుకుంది. ఆమె మెడ దగ్గర కొట్టుకుంటున్న నాడిని శరభకేతుడు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. చెరువు ఖాళీ అయ్యేలోపల వెళ్లిపోవాలని తెలిసీ చూశాడు. ఎవరూ తప్పు పట్టలేదు.

"నాయనా," అన్నాడు పోతులయ్య. "ఈ చెరువు అడుగు నేనెప్పుడూ చూడలా. ఎవరూ చూడలా."

నీటిమట్టం దిగుతోంది. తామరకాడలు వాలిపోతున్నాయి. చెరువు నడుమ, బురదనీళ్ల మీద, పచ్చటి చిలుము పట్టిన రెండు కంచు చెవులు పైకి తేలాయి. గుర్రం చెవులు. వాటి వెనక, ఇంకా నీళ్లలోనే ఉన్న రెండు పెద్ద రెక్కల నీడ.

మందారవల్లి కళ్లు తెరిచింది.

ఎడమ చెవి, బతికున్న గుర్రం చెవిలా, వాళ్లవైపు తిరిగింది.